రీబూట్ తర్వాత సర్వర్‌ను సరిచూడకుండా వదిలేయడంపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,
సర్వర్ల నిర్వహణ విభాగం.

అయ్యా,

ముత్తుకూరు దగ్గరున్న మా రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్ సర్వర్లను మీ కంపెనీ ఆన్సిబుల్ అనే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్‌తో నిర్వహిస్తోంది. పోయిన ఆదివారం రాత్రి కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం), డేటాబేస్ అప్‌డేట్లు పెట్టి, మెయిన్ సర్వర్‌నీ స్టాండ్‌బైనీ (అది ఆగితే పనిచేయాల్సిన రెండో సర్వర్) ఒకేసారి రీబూట్ చేశారు. అంతా సక్సెస్ అని రిపోర్టు పంపారు. తెల్లారేసరికి ఇందుకూరుపేట, విడవలూరు వైపు నుంచి పట్టుబడి (చెరువుల్లో పట్టిన రొయ్యల) లారీలు వచ్చాయి, తూకం సాఫ్ట్‌వేర్ మాత్రం తెరుచుకోలేదు. తూకం చీటీ లేనిదే మా దగ్గర సరుకు దించరు. లారీల కింద ఐసు నీళ్లు కారిపోతుంటే రైతులు మా సూపర్‌వైజర్‌ని నిలదీశారు. వాళ్ల కోపం న్యాయమైనదే. రొయ్య మెత్తబడ్డాక కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) ఎంత బాగున్నా ధర పలకదు. మీ సపోర్ట్‌కి ఫోన్ చేస్తే "సర్వర్ పింగ్ అవుతోంది కదా సార్" అన్నారు. పింగ్ అంటే సర్వర్ నెట్‌వర్క్‌లో పలుకుతోందని మాత్రమే.

లాగ్ మేమే తీసి చూశాం. మీ ప్లేబుక్ (ఆన్సిబుల్ వరుసగా చేయాల్సిన పనుల ఫైలు) రీబూట్ కమాండ్ ఇచ్చి, వెంటనే 22వ పోర్టు (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి) తెరిచి ఉందా అని చూస్తోంది. సర్వర్ ఇంకా ఆగనే లేదు, కాబట్టి పోర్టు తెరిచే ఉంది. రీబూట్ అయిపోయిందనుకుని తర్వాతి పని మొదలుపెట్టింది. అప్పుడు సర్వర్ నిజంగా ఆగి, కనెక్షన్ తెగింది. సర్వర్ అందుబాటులో లేకపోయినా పట్టించుకోవద్దని ప్లేబుక్‌లో మీవాళ్లే రాసి పెట్టారు. డేటాబేస్ సర్వీసును ఎనేబుల్ చేసి స్టార్ట్ చేసే పని సరిగ్గా ఆ తెగిన చోటే ఉండిపోయింది.

2018లో వచ్చిన 2.7 వెర్షన్ నుంచే ఆన్సిబుల్‌లో రీబూట్ మాడ్యూల్ (రీబూట్ చేసి సరిచూసే భాగం) ఉంది. లినక్స్‌లో అది ముందు బూట్ ఐడీ (సర్వర్ లేచిన ప్రతిసారీ మారే గుర్తింపు) గుర్తుపెట్టుకుని, ఆ ఐడీ మారితేనే రీబూట్ అయినట్టు లెక్కేస్తుంది. తర్వాత ఒక టెస్ట్ కమాండ్ నడిపి చూస్తుంది. మామూలుగా ఆ కమాండ్ హూయామ్ఐ (whoami, లాగిన్ అయిన యూజర్ పేరు చెప్పేది). లాగిన్ అవుతోందని మాత్రమే దాంతో తెలుస్తుంది, డేటాబేస్ సంగతి తెలియదు. అందుకే మా సర్వర్లకు డేటాబేస్‌కి ఒక క్వెరీ (ప్రశ్న) వేసి జవాబు వచ్చిందో లేదో చూసే కమాండే పెట్టాలి. గడువు మామూలుగా 600 సెకన్లు, మాకు అది చాలు. సీరియల్ 1 (ఒకసారికి ఒక్క సర్వరే) పెట్టి ముందు స్టాండ్‌బైని రీబూట్ చేయండి. అది లేవకపోతే మెయిన్ సర్వర్ జోలికి వెళ్లకుండా ప్లేబుక్ అక్కడే ఆగిపోతుంది. పట్టించుకోవద్దన్న ఆ లైను తీసేయండి.

మార్చిన ప్లేబుక్‌ను మా ముందు నడిపి చూపించేదాకా మా సర్వర్లలో ఏ అప్‌డేటూ పెట్టవద్దు. ఆ తర్వాత కూడా పట్టుబడి ఉన్న రాత్రి మమ్మల్ని అడక్కుండా రీబూట్ చేయవద్దు. ఆ రోజు రైతులకు తగ్గిన ధర వివరాలు దీంతో జతచేశాం. ఒప్పందం ప్రకారం ఆ మొత్తాన్ని ఈ నెల బిల్లులో తగ్గించి, రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
ఐటీ ఇన్‌ఛార్జి,
రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్,
ముత్తుకూరు మండలం, నెల్లూరు జిల్లా.