కొండ దారిలో ఒక రోజు: లంబసింగి, చింతపల్లి, కృష్ణదేవిపేట

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని డిసెంబరు రెండో శనివారం చింతపల్లి ఏజెన్సీకి ఒకరోజు టూర్ తీసుకెళ్తున్నాం. ఈసారి అరకు కాదని తెలియగానే ఆఫీసు రూముకి ఫోన్లు మొదలయ్యాయి. రైలు, సొరంగాలు, బొర్రా గుహలు ఉండగా వేరే చోటికెందుకు మేడమ్ అని అడిగినవాళ్ళే ఎక్కువ. అరకు మీద నాకేం కోపం లేదు. కాకపోతే డిసెంబరు శనివారం అరకు వెళ్తే పిల్లలు కొండల కంటే ముందున్న కార్ల నంబరు ప్లేట్లే ఎక్కువ చూస్తారు. పైగా మన సోషల్ పాఠాల్లో వచ్చే, అల్లూరి సీతారామరాజు బ్రిటిష్ వాళ్ళ మీద నడిపిన మన్యం తిరుగుబాటు జరిగింది చింతపల్లి, గూడెం కొండల్లోనే. పుస్తకంలో పేరా చదివి జవాబు బట్టీ పట్టే పిల్లలు ఆ నేల మీద ఒక్కసారైనా నిలబడాలని నా కోరిక.

ఇంకో మార్పు కూడా ఉంది. ఒక్క రోజులో ఏడెనిమిది చోట్లు చూపించే ప్యాకేజీ మనం తీసుకోలేదు. అలాంటి టూర్లలో పిల్లలు దిగడం, ఫొటో తీసుకోవడం, ఎక్కడం, బస్సులో నిద్రపోవడం, అంతే. మనం ఆగేది మూడు చోట్ల. రోజంతా మనతో ఒక గైడ్ ఉంటాడు. చింతపల్లి దగ్గర ఒక చిన్న గిరిజన పల్లెలో పుట్టి పెరిగిన బగత తెగ కుర్రాడు, డిగ్రీ చదివాడు. పోయిన నెల నేనూ, సోషల్ మాస్టారూ ముందుగా వెళ్ళి ఆ దారంతా అతనితో తిరిగి చూసొచ్చాం. అతను కథ చెప్పేటప్పుడు అది పెద్దవాళ్ళ నోట విన్నదో, పుస్తకంలో చదివిందో విడిగా చెబుతాడు. అతన్నే పిలవడానికి కారణం అదే.

తెల్లవారుజామున నాలుగున్నరకు బస్సు బయల్దేరుతుంది. నర్సీపట్నం దాటాక ఘాట్ మొదలు. మనం మొదట ఆగే లంబసింగి సముద్ర మట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత ఆరు డిగ్రీల పైచిలుకు తగ్గుతుందని పిల్లలు చదువుకున్నదే. దానికి తోడు, మబ్బు లేని చలికాలపు రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, బరువెక్కిన చల్లగాలి కొండల నుంచి లోయలోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. కొన్నేళ్ళు పాదరసం సున్నా దగ్గరికి పడిపోయింది కూడా. ఫోన్లలో తిరిగే వీడియోలు చూసి స్నోమాన్ చేద్దామని ప్లాన్ వేస్తున్న ఎనిమిదో తరగతి వాళ్ళకు మీరే కాస్త నచ్చజెప్పండి. అక్కడ ఉండేది పొగమంచు. లంబసింగి దగ్గరి చెరువులవేనం వ్యూపాయింట్‌కి మాత్రం వెళ్ళడం లేదు. మేఘాలు కాళ్ళ కింద పరుచుకున్నట్టు కనిపించే మాట నిజమే కానీ, ఆ ఎక్కుడు, ఆ జనం, చీకట్లో ఇంతమంది పిల్లలు. నాకు ధైర్యం చాలలేదు.

చింతపల్లిలో ముందు కాఫీ తోటకి వెళ్తాం. డిసెంబరులో పళ్ళు ఎర్రబడి ఉంటాయి. నిటారుగా పెరిగే సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి పాకిన మిరియాల తీగలు, ఆ నీడలో భుజం ఎత్తు కాఫీ మొక్కలు. మేం వెళ్ళినప్పుడు గైడ్ ఒక ఎర్ర పండు తెంపి రెండు వేళ్ళ మధ్య నొక్కాడు. జిగురు పట్టిన రెండు గింజలు జారి అరచేతిలో పడ్డాయి. మాస్టారు ఆ తొక్క నోట్లో వేసుకుని, తియ్యగా ఉందే, ఇందులో కాఫీ ఏదయ్యా అన్నారు. గింజ ఎండి, పైపొట్టు పోయి, పెనం మీద వేగితే తప్ప ఆ వాసన రాదట. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ పేరు మీద అమ్ముడయ్యే కప్పు ఎంత పలుకుతోంది, పండు కోసినవాళ్ళ చేతికి ఎంత వస్తోంది, మధ్యలో ఎవరెవరు ఉన్నారు అని తొమ్మిదో తరగతి పిల్లలు రైతుల్ని అడిగి రాసుకొస్తారు. అది లెక్కల మాస్టారు ఇచ్చిన పని.

ఆ తర్వాత అదే ఊళ్ళో ఒక చెట్టు కింద కూర్చుని గైడ్ చెప్పేది వింటారు. ఈ టూర్‌లో నాకు ముఖ్యమైనది ఆ గంటే.

1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత కొండల మీద పోడు కొట్టుకోవడానికి ఆంక్షలు వచ్చాయి. కొంత అడవి నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తి, రెండు మూడేళ్ళకు నేలను వదిలేసి ఇంకోచోటికి వెళ్ళడం అక్కడివాళ్ళ సేద్యం. అది నేరమైపోయింది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలి సరిగ్గా ఇవ్వకుండా మన్యం వాళ్ళతో గొడ్డుచాకిరీ చేయించాడు. మనం ఉదయం కబుర్లు చెప్పుకుంటూ ఎక్కే కొండల్లో జరిగిన సంగతే ఇది. బట్టిపనుకుల మునసబు గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర లాంటివాళ్ళు అల్లూరి సీతారామరాజు వెంట నిలిచింది ఆ కడుపుమంటతోనే. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశారు, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. ఎత్తుకెళ్ళిన ఆయుధాల వివరాలు స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళారు రాజు. ఇది చరిత్ర.

కథలు వేరే ఉన్నాయి. బాణానికి చీటీ, మిరపకాయ కట్టి ముందుగా కబురు పంపే మిరపకాయ టపా సంగతి ఊరూరా చెబుతారు. రాజుగారికి తుపాకీ గుళ్ళు తగలవని, ఒకే రోజు రెండు చోట్ల కనిపించేవారని, అసలు ఆయన చనిపోనేలేదని కూడా చెప్పుకున్నారు. గుళ్ళు తగలకపోవడం నిజంగా జరిగిందా అని మాస్టారు గైడ్‌ని కాస్త గట్టిగానే నిలదీశారు. అతను నవ్వి, "జరిగిందో లేదో నాకు తెలీదు సార్. అది నమ్మే మావాళ్ళు విల్లంబులతో తుపాకులకు ఎదురెళ్ళారు. ఎదురెళ్ళింది మాత్రం నిజమే కదా" అన్నాడు. అందుకే పిల్లల నోటుపుస్తకంలో రెండు వరసలు గీయిస్తున్నాం. ఒక వైపు రికార్డుల్లో ఉన్నది, రెండో వైపు జనం చెప్పుకునేది. ఎటు వేయాలో తేలనివి మధ్య గీత మీదే రాసుకోవచ్చు. తేలనివే ఎక్కువ ఉంటే నాకు ఇంకా సంతోషం.

గిరిజనుల థింసా నృత్యం ఉంటుందా అని కొందరు అడిగారు. లేదు. పండగకో పెళ్ళికో ఒకరి నడుం ఒకరు పట్టుకుని వాళ్ళ సరదా కొద్దీ ఆడే ఆటను, మన బస్సు వచ్చిందని వరసలో నిలబెట్టి ఆడించడం నాకు ఇష్టం లేదు. ఆ ఊరి పిల్లలకు చాక్లెట్లు, డబ్బులు పంచవద్దని, అడగకుండా ఎవరి ఫొటోలూ తీయవద్దని మన పిల్లలకు చెప్పాం. మీరూ ఇంట్లో ఒక మాట చెప్పండి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఘాట్ దిగి కృష్ణదేవిపేట చేరతాం. రాజు సమాధి అక్కడే. 1897లో పుట్టిన మనిషి 1924 మే 7న చనిపోయారు. అప్పటికి ఇరవై ఏడేళ్ళు కూడా నిండలేదు. మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి బయటపడి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆయన గురించి పిల్లలకు దాదాపు ఏమీ తెలియదు. లంబసింగి, చింతపల్లి రాజు పేరుతో 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన జిల్లాలో ఉన్నాయని, ఆయన సమాధి ఉన్న కృష్ణదేవిపేట మాత్రం అనకాపల్లి జిల్లాలో ఉందని బస్సులో మ్యాపు చూపించి చెబుతాం. చీకటి పడకముందే ఘాట్ దిగిపోవాలని డ్రైవరుకు గట్టిగా చెప్పాం. రాత్రి ఎనిమిదికల్లా బడి దగ్గర ఉంటాం.

ఇక మీ వైపు పనులు. స్వెటర్, చెవులు కప్పే టోపీ, సాక్సులు, పట్టు ఉన్న బూట్లు తప్పనిసరి. ఏజెన్సీలో దోమల బెడద, మలేరియా ఉన్నందున పొడుగు చేతుల చొక్కా, ఫుల్ ప్యాంటు లేదా చుడీదార్ వేయండి. బయల్దేరే ముందు పాలు తాగించి పంపకండి, మలుపుల్లో అవి నిలవవు. ఇడ్లీ లాంటిది కొద్దిగా పెడితే చాలు. వాంతులయ్యే అలవాటుంటే డాక్టరు చెప్పిన మాత్రను క్లాస్ టీచరుకి ఇవ్వండి, మోతాదు చీటీ మీద రాసి. ఆస్తమా, అలర్జీలు ఉంటే దాచకుండా చెప్పండి. స్టీలు నీళ్ళ సీసా, తిని కడుక్కోవడానికి ఒక డబ్బా ఇస్తే ప్లాస్టిక్ తగ్గుతుంది. భోజనం, టిఫిన్ మేమే తెస్తాం.

పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. కొండల్లో సిగ్నల్ రాక మా నుంచి మెసేజ్ గంటల తరబడి అందకపోవచ్చు, టెన్షన్ పడకండి. సిగ్నల్ దొరికిన ప్రతిచోటా గ్రూపులో పెట్టే పని పీఈటీ మాస్టారిది. ప్రతి పదిహేను మందికి ఒక టీచరు, అమ్మాయిలతో ఇద్దరు లేడీ టీచర్లు ఉంటారు.

ఈలోపు ఒక చిన్న పని. మీ ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే, మన్యం గురించో రాజు గురించో వాళ్ళు విన్న కథ ఏదైనా పిల్లలకు చెప్పించండి. ఒక పేజీలో రాసి తెస్తే చాలు. ఆ కథలు తనకూ వినాలని ఉందని గైడ్ అడిగాడు.

సంతకం చేసిన అనుమతి పత్రం, అందులో రాసిన రుసుము ఈ నెల 25లోగా క్లాస్ టీచరుకి అందాలి. రుసుము కట్టడం ఇబ్బందిగా ఉన్నవాళ్ళు మొహమాటపడకుండా నేరుగా నన్ను కలవండి. సాయంత్రం నాలుగు తర్వాత రూములోనే ఉంటాను.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు