మా వెండింగ్ మెషీన్లలో ఏం మారుతోంది, ఏం మారదు

ఈ నెల నుంచి మా మెషీన్లలో సరుకు మారుతోంది, చిప్స్, కూల్‌డ్రింకుల పక్కన ఆరోగ్యానికి మేలైన తిండి కూడా పెడుతున్నాం. కొన్నిచోట్ల ఇప్పటికే మారింది. అది చూసి మీలో చాలామంది మెసేజ్‌లు పెట్టారు. "ఇన్నాళ్లకు తినదగ్గవి కనిపించాయి" అన్నవాళ్లున్నారు, "ఆరోగ్యం పేరు చెప్పి రేట్లు పెంచడానికేనా ఇదంతా?" అని నిలదీసినవాళ్లూ ఉన్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబివ్వడం కుదరక అందరికీ కలిపి రాస్తున్నాను.

చిప్స్, చాక్లెట్లు, కూల్‌డ్రింకులు పూర్తిగా పోవు. మాకు నాలుగు డబ్బులు మిగిలేది వాటిమీదే. నెలల తరబడి పాడవవు, ఎక్కడా ఇరుక్కోవు, పెట్టినవన్నీ అమ్ముడుపోతాయి. అవి తీసేస్తే మెషీన్ అద్దె కూడా రాదు. పైగా రాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి చాక్లెట్ తినాలనిపిస్తే వద్దనడానికి నేనెవర్ని? కాకపోతే ఆ మనిషికి నిజంగా ఆకలేసినప్పుడు కూడా చాక్లెట్ తప్ప ఇంకేమీ దొరకడం లేదు. చుట్టుపక్కల క్యాంటీన్లన్నీ మూసేశాక ఉన్నది మా మెషీన్ ఒక్కటే. నాకు నచ్చనిది అదీ, మార్చాలనుకున్నదీ అదే.

ఇక "తాజా పండ్లు ఎందుకు పెట్టరు?" అన్న ప్రశ్న. పెట్టకూడదని కాదు, మెషీన్ ఒప్పుకోదు. అద్దం వెనక మీకు కనిపించే స్ప్రింగులాంటి చుట్ట ఒక్క చుట్టు తిరిగితే ఒక్క వస్తువు ముందుకొచ్చి కింద పడుతుంది. పై వరుస నుంచి పడిన యాపిల్‌కు దెబ్బ తగులుతుంది, ఆ చోట కాసేపటికే గోధుమరంగు మచ్చ వస్తుంది. అరటిపండుది ఇంకో గొడవ. సుమారు 13 డిగ్రీల కంటే చల్లగా ఉన్నచోట పెడితే దాని తొక్క నల్లబడిపోతుంది. లోపల పండు బాగానే ఉంటుంది, కానీ నల్లటి అరటిపండును డబ్బులిచ్చి ఎవరు కొంటారు? వస్తువును పడేయకుండా లిఫ్టులా మెల్లగా కిందికి దించే మెషీన్లు ఉన్నాయి. వాటి ఖరీదు చూసి ప్రస్తుతానికి ఆగాను.

అందుకే కోసిన పండ్ల ముక్కల కప్పులు, తీపి కలపని పెరుగు, ఉడికించిన గుడ్లు తెస్తున్నాం. ఇవన్నీ చల్లటి మెషీన్లలోనే, కింది రెండు వరుసల్లోనే. చిప్స్ ప్యాకెట్ సన్నగా ఉంటుంది కాబట్టి చుట్టకు ఎక్కువ మెలికలున్నా ఇబ్బంది లేదు, ఒక వరుసలో చాలా పడతాయి. కప్పుకు వెడల్పాటి మెలికలు కావాలి, దాంతో అదే వరుసలో సగం కూడా పట్టవు. అంటే త్వరగా ఖాళీ అవుతాయి, మేం ఎక్కువసార్లు రావాలి. ఎక్స్‌పైరీ కూడా రోజుల్లోనే ఉంటుంది. అమ్ముడుపోనివి వెనక్కి తీసుకెళ్లి పారేయాల్సిందే. ఈ వ్యాపారంలో అసలు టెన్షన్ ఇదే.

ఒక మాట గుర్తుపెట్టుకోండి. కరెంటు పోయో, తలుపు సరిగా పడకో లోపల వేడెక్కి కొంతసేపటి పాటు 5 డిగ్రీలు దాటితే, పాడయ్యే సరుకున్న వరుసలు వాటంతటవే లాక్ అవుతాయి. ఎదురుగా పెరుగు కప్పు కనిపిస్తున్నా మెషీన్ ఇవ్వదు. రిపేరొచ్చిందని తిట్టుకోకండి, తన్నకండి. ఆ కప్పు మీ కడుపులోకి వెళ్లకూడదనే లాక్ పడింది.

రేట్ల సంగతికొస్తే, మీ అనుమానంలో న్యాయముంది. ఆరోగ్యకరమైన సరుకుకు రేటెక్కువ పెట్టడం ఈ రంగంలో మామూలే. పారేసిన వాటి నష్టాన్ని అమ్ముడుపోయిన వాటి మీద వేస్తారు. రేటు పెరిగేసరికి కొనేవాళ్లు తగ్గుతారు, పారేసేది పెరుగుతుంది. చివరికి "జనం ఇలాంటివి కొనరండీ" అని తేల్చేస్తారు. అమెరికాలో ఆఫీసులు, హైస్కూళ్లలోని వెండింగ్ మెషీన్ల మీద చేసిన ఒక అధ్యయనం 2001లో అచ్చయింది. కొవ్వు తక్కువున్న చిరుతిళ్ల రేటు 10 శాతం తగ్గిస్తే అమ్మకాలు 9 శాతం, 25 శాతం తగ్గిస్తే 39 శాతం, సగానికి తగ్గిస్తే 93 శాతం పెరిగాయి. మెషీన్ మీద వచ్చే సగటు లాభం మాత్రం తగ్గలేదట. నాకు ధైర్యమిచ్చింది ఆ చివరి ముక్కే. అయినా సగానికి తగ్గించే స్తోమత మాకు లేదు. ఉప్పు లేని బాదం, పెరుగు, మంచినీళ్ల రేటు కాస్త తగ్గిస్తున్నాం. ఆ తేడాను చక్కెర కూల్‌డ్రింకుల మీద వేస్తున్నాం. అవును, మీ కోలా రేటు పెరుగుతోంది. దాచి లాభం లేదు.

కొన్నిటి పక్కన ఆకుపచ్చ స్టిక్కర్ చూస్తారు, ఆరోగ్యానికి మేలైనదని మేం వేసే గుర్తు అది. ప్యాకెట్ మీద గింజల బొమ్మ ఉన్నంత మాత్రాన అది వేయం. వెనక్కి తిప్పి పోషకాల పట్టిక చూసి, అదీ మొత్తం ప్యాకెట్‌కు లెక్కగట్టి వేస్తాం. 500 మిల్లీలీటర్ల సీసా మీద అంకెలు 100 మిల్లీలీటర్లకే రాసుంటాయి, తాగేది మాత్రం మొత్తం సీసా. ఈ లెక్కన మీలో చాలామంది అడిగిన గ్రనోలా బార్లలో (ఓట్స్, గింజలు కలిపి చేసేవి) కొన్నిటికి స్టిక్కర్ దక్కలేదు, తేనె, సిరప్‌లతోనే ముద్ద కట్టినవి అవి. నూరు శాతం పండ్ల రసానికీ వేయలేదు. దీనికి కొందరికి కోపమొచ్చింది. మామూలు 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, చాలా పండ్ల రసాల్లోనూ దానికి దగ్గర దగ్గరగానే ఉంటుంది. రసంలోని చక్కెరను కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించుకోవాల్సిన చక్కెరల్లోనే కలుపుతుంది. రోజుకు సుమారు 25 గ్రాముల లోపు ఉంటే మరీ మంచిదంటుంది.

జీరో షుగర్ డ్రింకులు ఉంటాయి, స్టిక్కర్ ఉండదు. బరువు తగ్గడానికి ఇలాంటి డ్రింకుల్లో చక్కెర బదులు వాడే తీపి పదార్థాల మీద ఆధారపడొద్దని అదే సంస్థ 2023లో సూచించింది. అలాగని అవి విషమేమీ కాదు, కోలా బదులు తాగుతానంటే మీ ఇష్టం. కంటికెదురుగా ఉండే వరుస మాత్రం మంచినీళ్లకే ఇచ్చాం. మాకు కూల్‌డ్రింకులు ఇచ్చే కంపెనీల సేల్స్‌వాళ్లు దీనికి మూతి ముడిచారు.

బాదం తింటే లావెక్కమా అని ఒకరు అడిగారు. 30 గ్రాముల ప్యాకెట్‌లో 170 కేలరీలకు పైనే ఉంటాయి, అందుకే పెద్ద ప్యాకెట్లు తేలేదు. నట్స్ పడనివాళ్లు ప్రతి ప్యాకెట్ మీదా అలర్జీ వివరాలు చదివే తీసుకోండి.

ముందుగా ఆసుపత్రుల్లోని మెషీన్లు మారుస్తున్నాం, తర్వాత కాలేజీలు, చివర్లో ఆఫీసులు. మొదటి వారాల్లో కింది వరుసలు తరచూ ఖాళీగా కనిపించొచ్చు. అలా కనిపిస్తే స్లాట్ నంబరు, మీరు వెళ్లిన టైము మెసేజ్ పెట్టండి. ఏ టైముకు ఏది అయిపోతోందో తెలిస్తే నింపే వేళలు దాన్నిబట్టి మారుస్తాం. డబ్బులు కట్ అయి వస్తువు రాకపోతే ఎప్పటిలాగే మెషీన్ మీదున్న నంబరుకు ఫోన్ చేయండి, డబ్బులు వెనక్కి ఇచ్చేస్తాం.