అది బీచ్ ఒక్కటే కాదండీ, బే

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

దేశం తీరరేఖ పొడవు పెరిగిందని మీ పేపర్లో వచ్చిన వార్త కటింగ్ తీసి దాచుకున్నాను. చిన్నప్పటి నుంచి 7,516.6 కిలోమీటర్లు అని బట్టీ పట్టాం, ఇప్పుడది 11,098.81 అయింది. మన ఆంధ్రా 973.7 నుంచి 1,053.07 కి వచ్చింది. మా ఆఫీసులో రెండు రోజులు ఇదే టాపిక్, తమిళనాడు 1,068.69 తో మనల్ని దాటేసింది, రెండో ప్లేస్ పోయింది అని అందరూ బాధపడిపోయారు. నాకు ఆ ప్లేస్ గురించి పెద్దగా ఏమీ అనిపించలేదు గానీ మనకి కొత్తగా వచ్చిన ఆ 79 కిలోమీటర్లు ఎక్కడివా అని మాత్రం చాలా ఆలోచించాను. సముద్రం వచ్చి కొత్తగా ఒడ్డు కట్టలేదు కదా, కొలిచిన మ్యాప్ మారింది.

పాత లెక్క 1970ల్లోది. అప్పటి మ్యాప్ స్కేల్ 1:45,00,000, అంటే కాగితం మీద ఒక సెంటీమీటర్ కి నేల మీద 45 కిలోమీటర్లు. ఇప్పుడు కొలిచింది 1:2,50,000 మీద, సెంటీమీటర్ కి రెండున్నర కిలోమీటర్లు. మీరే లెక్క వేసి చూడండి, రెండు కిలోమీటర్ల వెడల్పున్న ఒక బే, అంటే ఒడ్డు లోపలికి వంగి నీళ్ళు చొచ్చుకొచ్చిన చోటు, ఆ పాత మ్యాప్ లో అర మిల్లీమీటర్ కూడా ఉండదు, పెన్సిల్ మొన ఆనిస్తే దాని కిందే పోతుంది. కొత్త మ్యాప్ లో అదే బే 8 మిల్లీమీటర్లు, వంపు వంపులాగే కనపడుతుంది. గుజరాత్ 1,214.7 నుంచి ఏకంగా 2,340.62 అయింది, కచ్ వైపు క్రీకులు, ఉప్పుటేళ్ళు, వాటి మెలికలు ఎన్ని ఉన్నాయో చూసినవాళ్ళకి ఇది వింతేం కాదు. అంటే ఇన్నేళ్ళూ మా విశాఖలోని లాసన్స్ బే లాంటివి దేశం లెక్కలో ఒక తిన్నటి గీత కింద కలిసిపోయాయి అన్నమాట.

నేను పెదజాలరిపేటలో పుట్టాను. మా అయ్య తెప్ప మీద మొదలుపెట్టి ఫైబర్ బోటు దాకా వేటకి వెళ్ళాడు, నేను చదువుకొని ఉద్యోగంలో పడ్డాను, ఇల్లు మాత్రం ఇంకా అక్కడే. మా పేటలో బే అనే మాట పెద్దవాళ్ళు ఎవరూ అనరు, వంపు అంటారు. కానీ బే అంటే ఏంటో వాళ్ళకి తెలిసినంత నేను చదివిన పుస్తకాల్లో లేదు, ఇది సొంత ఊరు కాబట్టి చెప్తున్న గొప్ప కాదండి.

విశాఖ దగ్గర తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చేస్తాయి. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, ఋషికొండ, ఇవన్నీ ఖొండలైట్ రాయి కొండలు, వాటి కొసలు నీళ్ళలోకి పొడుచుకొని ఉంటాయి. ఒక కొసకీ ఇంకో కొసకీ మధ్య ఇసక చంద్రవంకలాగా పరుచుకుంటుంది. దూరం నుంచి వచ్చే అల ముందు ఆ కొస దగ్గర లోతు తక్కువ ఉన్నచోట నెమ్మదించి అటువైపు మళ్ళుతుంది, అందుకని దాని బలం అంతా రాయి మీద పడుతుంది, వంపు లోపలికి వచ్చేసరికి అదే అల విప్పుకొని పలచబడిపోతుంది. అందుకే మా ఊళ్ళన్నీ వంపుల్లోనే ఉన్నాయి. పెదజాలరిపేట, జోడుగుళ్ళపాలెం, మంగమారిపేట, అటు భీమిలి దాకా చూడండి, ఎక్కడ పడవ దింపడానికి అల కాస్త దారి ఇస్తుందో అక్కడే పేట. పోర్టు కూడా అంతే కదా, డాల్ఫిన్స్ నోస్ చాటు చూసుకొనే 1933 లో మొదలైంది, అలలు లోపలికి రాకుండా అప్పట్లో రెండు పాత ఓడల్ని అక్కడ ముంచి అడ్డం పెట్టారు. డచ్ వాళ్ళు భీమిలిలో దిగిందీ గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, ఆ వంపు చూసుకొనే అయ్యుంటుంది అని నా నమ్మకం.

ఇక్కడ ఇంకో మాట. వంపు ఉన్న ప్రతి చోటూ చట్టం దృష్టిలో బే కాదు. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 1982 లో దీనికి ఒక కొలత పెట్టారు, బే మూతి ఈ కొస నుంచి ఆ కొసకి ఎంత ఉందో దాన్ని వ్యాసంగా తీసుకొని అర్ధవృత్తం గీస్తే, లోపలి నీళ్ళ విస్తీర్ణం ఆ అర్ధవృత్తం కంటే తక్కువ ఉండకూడదు. మూతి ఒక కిలోమీటర్ ఉంటే లోపల సుమారు 0.39 చదరపు కిలోమీటర్ల నీళ్ళు ఉండాలి. మూతి 24 నాటికల్ మైళ్ళు దాటని బే అయితే మొత్తం ఆ దేశం లోపలి జలాల కింద లెక్క. మన ఋషికొండ లాంటి పలచటి వంపులు ఈ పరీక్షలో నిలబడవు, నాకు తెలుసు. కానీ ఆ చట్టం దేశాల మధ్య సరిహద్దు గీతల కోసం రాసింది, ఇసక ఎటు వెళ్తుందో ఆ గీతలు చూసుకొని వెళ్ళదు కదండీ.

ఇదెందుకు చెప్తున్నానంటే, కొన్నాళ్ళ కిందట మా ఒడ్డున పడవలు నిలిపే చోట ఒక కట్టడం కడతామని వస్తే మా పేట పెద్దలతో కలిసి నేనూ ఒక ఆఫీసుకి వెళ్ళాను, పేరు ఎందుకు లెండి. అక్కడ సారు మర్యాదగానే కూర్చోబెట్టారు గానీ నేను ఇది బే అండి, ఒక పక్క ఏదైనా కడితే రెండో పక్క ఇసక మారిపోతుంది అంటే, ఆయన డిక్షనరీ మాటలొద్దు బాబూ, అది బీచ్, మేము బీచ్ నే డెవలప్ చేస్తున్నాం అన్నారు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం తినబుద్ధి కాలేదు నాకు. తెలుగులో బే ని అఖాతం అంటాం, ఖాతం అంటే తవ్వినది, అఖాతం అంటే ఎవరూ తవ్వనిది, తనంతట తాను ఏర్పడింది. ఇంత మంచి మాట ఉంది మనకి, బంగాళాఖాతం అని రోజూ వాతావరణ వార్తల్లో వింటూనే ఉంటాం, ప్రపంచంలోనే అతి పెద్ద అఖాతం ఒడ్డున కూర్చొని మన ఇంటి ముందున్న చిన్న అఖాతాన్ని మాత్రం గుర్తుపట్టం.

ఇసక సంగతి కొంచెం వివరంగా రాయాలి, దయచేసి ఈ భాగం కట్ చేయకండి. మన తీరంలో మార్చి నుంచి అక్టోబర్ దాకా దక్షిణ గాలికి ఇసక ఉత్తరం వైపు నడుస్తుంది, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వెనక్కి దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి వెళ్ళేదే ఎక్కువ. మామూలు తిన్నటి తీరంలో అయితే అది అలా వెళ్ళిపోతూ ఉంటుంది, బే లో మాత్రం రెండు కొసలూ పట్టి ఆపుతాయి కాబట్టి ఇసక చాలావరకు వంపు లోపలే అటూ ఇటూ ఊగుతుంది, కొంత మాత్రమే కొస దాటి వెళ్తుంది. వానాకాలం అయ్యేసరికి ఉత్తరం కొస దగ్గర బీచ్ వెడల్పుగా ఉండి దక్షిణం కొస దగ్గర రాళ్ళు తేలతాయి, చలికాలం వెళ్ళేసరికి దానికి తిరగేసి. మా అయ్య ఒడ్డు కోసుకుపోయిందని నేను చిన్నప్పుడు ఏడిస్తే "ఇసక పోలేదురా, ఆ కొసకి ఎల్లింది, మళ్ళీ వత్తాది" అనేవాడు. పడవలు కూడా దాని వెనకే మారుస్తాం, ఏడాదికి రెండుసార్లు. మరి ఆ వంపు మధ్యలో ఒక గోడో, నీళ్ళలోకి రాళ్ళ వరసో వస్తే ఏమవుతుంది? వెళ్ళిన ఇసక తిరిగి రాదు. అప్పుడు కోత మొదలైంది అని ఇంకో గోడ కడతారు.

పెద్ద ఎత్తున ఇది ఎలా ఉంటుందో చూడాలంటే మద్రాసు వెళ్ళాలి. 1870ల్లో అక్కడ హార్బర్ పని మొదలయ్యాక ఉత్తరానికి నడిచే ఇసక ఆగిపోయి దక్షిణం పక్కన చేరింది, అంత పెద్ద మెరీనా బీచ్ అలా వెడల్పు అయింది, ఉత్తరాన రాయపురం వైపు మాత్రం కోత పడింది. మన దగ్గర ఆర్కే బీచ్ పోర్టుకి ఉత్తరాన ఉంది, అంటే మనం రాయపురం వైపు ఉన్నాం. అందుకే పోర్టు దగ్గర ఆగిన ఇసకని డ్రెడ్జర్ తో తీసి ఆర్కే బీచ్ వైపు పంప్ చేసే పని ఏళ్ళుగా చేస్తున్నారు, అది మంచి పని, చేయాలి కూడా. కానీ ఆర్కే బీచ్ మీద పోసిన ఇసక అక్కడే కూర్చోదు, లాసన్స్ బే కి వస్తుంది, అక్కడి నుంచి కొస దాటి ఇంకా పైకి వెళ్తుంది, భీమిలి దాకా ఇవన్నీ ఒకే దండలో పూసలు. ఒక్కో చోట ఒక్కో డిపార్ట్మెంట్, ఒక్కో కాంట్రాక్టు, ఒక్కో బ్యూటిఫికేషన్ ప్లాన్ వేస్తుంటే దండని ఎవరు చూస్తున్నారు అని నా ప్రశ్న.

హుద్ హుద్ తుఫాను వచ్చినప్పుడు 2014 అక్టోబర్ 12 న ఒక్క పగలు ఎంత ఒడ్డు పోయిందో మీ ఫోటోగ్రాఫర్లే తీశారు. 2020 అక్టోబర్ లో బంగ్లాదేశ్ ఓడ కొట్టుకొచ్చి తెన్నేటి పార్క్ దగ్గర రాళ్ళ మీద ఆగిపోతే ఊరంతా సెల్ఫీలకి వెళ్ళారు, మా పేట ముసలివాళ్ళు మాత్రం వంపులో దూరే సందు దొరికితే అది బతికేది, కొస మీద పడింది అన్నారు. అల బలం కొస మీదే అని నేను పైన రాసింది వాళ్ళ నోట్లో ఎంత తేలిగ్గా వచ్చిందో చూడండి.

ఇంకో ముఖ్యమైన విషయం, ప్రాణాలకి సంబంధించింది. సెలవు రోజు ఎక్కడెక్కడి నుంచో పిల్లలు స్నానాలకి వస్తారు. వాళ్ళకి అలలు తెల్లగా విరుగుతున్న చోటు భయం, కొండ పక్కన నీళ్ళు నున్నగా ముదురు రంగులో ఉన్న చోటు సేఫ్ అనిపిస్తుంది. చాలాసార్లు నిజం దానికి తలకిందులు. వంపులోకి వచ్చిన నీళ్ళు తిరిగి బయటికి వెళ్ళడానికి ఒక దారి కావాలి, ఆ దారి తరచుగా రాళ్ళ కొసని ఆనుకొనే ఉంటుంది, అక్కడ అల విరగదు, కాబట్టి నున్నగా ఉంటుంది, దిగితే లాక్కుపోతుంది. దానికి ఎదురు ఈదితే ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు, ఒడ్డుకి సమానంగా పక్కకి ఈదుకొని ఆ పాయ దాటితే అలే తీసుకొచ్చి పడేస్తుంది. మా పేట కుర్రాళ్ళు ఎంతమందిని లాగారో, ఎంతమందిని లాగలేకపోయారో నాకు తెలుసు, ఒకసారి ఒక ఇంటర్ కుర్రాడి చెప్పులు, ఫోన్ ఒడ్డున అలా ఉండిపోయాయి, వాళ్ళమ్మ వచ్చి ఆ చెప్పులు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. డేంజర్ అని ఎర్ర అక్షరాల బోర్డు ఒకటి పెడితే చాలదండి, ఈ బే లో నీళ్ళు బయటికి వెళ్ళే దారి ఇదీ అని బొమ్మ వేసి పెట్టాలి, సీజన్ బట్టి మార్చాలి.

ఋషికొండకి 2020 లో శుభ్రమైన బీచ్ లకి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, చాలా సంతోషం, శుభ్రంగా ఉంచుతున్నారు. అదే శ్రద్ధ మిగతా వంపుల్లో గెడ్డలు కలిసే చోట ఎందుకు ఉండదు? వాన నీళ్ళు తెచ్చే గెడ్డ కొండ నుంచి కొత్త ఇసక కూడా తెచ్చేది, ఇప్పుడు సిమెంట్ చేసిన కాలవలో డ్రైనేజీ తప్ప ఏమీ రావట్లేదు. బే లో నీళ్ళు మారడానికి బయటికంటే టైం పడుతుంది, వచ్చిన మురుగు అక్కడే తిరుగుతుంది.

నేను అడిగేది ఎక్కువేం కాదు. యారాడ నుంచి భీమిలి దాకా ఉన్న ప్రతి వంపునీ పేరుతో సహా మ్యాప్ లో పెట్టండి, ఆ పేర్లు మా పేటల వాళ్ళని అడిగి రాసుకోండి. ఇసక వెడల్పు వానాకాలం తర్వాత ఒకసారి, చలికాలం తర్వాత ఒకసారి కొలిచి అందరికీ కనపడేలా పెట్టండి. ఊళ్ళో ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, మా లాసన్స్ బే కాలనీలోనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళ ప్రాంతీయ కేంద్రం ఉంది, చేయగలిగినవాళ్ళు లేక కాదు. ఇక ఏ వంపులో ఏం కట్టాలన్నా దానికి అటూ ఇటూ ఉన్న వంపుల లెక్క కూడా చూసి తర్వాతే కట్టండి.

మీ విలేకరిని ఒకసారి పంపండి. దీపావళి దాటాక, గాలి మళ్ళిన వారంలో వస్తే మంచిది, తెల్లవారుజామున పడవలన్నీ ఉత్తరం కొస నుంచి దక్షిణం కొసకి మారుస్తుంటాం, పదిమంది పట్టుకుంటే గానీ ఒక్కో బోటు కదలదు, నేనూ ఆ రోజు ఆఫీసుకి సెలవు పెడతాను.

ఇట్లు
మత్స్యకారుడి కొడుకు,
పెదజాలరిపేట, విశాఖపట్నం