ఒకటో తరగతిలో చదవలేకపోతున్న పిల్లల గురించి

అందరికీ నమస్కారం. కావలి చుట్టుపక్కల బడుల్లో ఒకటో తరగతి చెప్పే టీచర్లు, మాస్టార్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి.

వెనకబడిన పిల్లలను "వచ్చే ఏడాది వాళ్లే అందుకుంటారులే" అని వదిలేయవద్దు. మూడో తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యం. ఆ పనికి మూడో తరగతిలో పూనుకుంటే ఆలస్యమైపోతుంది.

మా తరగతిలో ఒక పాప అక్షరమాల గడగడా అప్పజెబుతుంది. పలక మీద 'వల' అని రాసి చూపిస్తే 'పల' అంటుంది. ఆమెకు వచ్చింది వరస, అక్షరాలు కాదు! అందుకే ప-వ, మ-య, ఘ-ఝ జంటలను ఒకే రోజు నేర్పకండి. ఒకటి గట్టిపడ్డాకే రెండోది. గుణింతం పాడించడం కన్నా 'పలక', 'పిలక' పక్కపక్కన రాసి, ఏ గుర్తు వల్ల మాట మారిందో పిల్లల చేతే చెప్పించండి. ఒత్తులకు తొందరలేదు.

అక్షరం కన్నా ముందు చెవి. 'చేప', 'రొయ్య' అన్నప్పుడు మొదట ఏం వినిపించిందో అడగండి. యానాది కాలనీల నుంచి వచ్చే పిల్లల ఇంటి మాటను తప్పని దిద్దవద్దు, దానితోనే మొదలుపెట్టండి.

నలుగురైదుగురిని రోజూ 20 నిమిషాలు విడిగా కూర్చోబెడితే చాలు. వారానికోసారి గంటసేపు చెబితే నిలవదు. చూపు, వినికిడి కూడా ఒకసారి పరీక్ష చేయించండి.

పిల్లల పేర్లు ఇక్కడ పెట్టకండి. మీ తరగతిలో ఇలా వెనకబడినవాళ్లు ఎంతమందో శుక్రవారంలోగా రాస్తే, అంతమందికీ సరిపడా అక్షర కార్డుల జతలు నేను రాసి పంపిస్తాను.