కొత్త పిల్లలకు ఓడ మీద చోటివ్వండి

సంపాదకులకు,

మనుషుల్ని సముద్రం లోతుల్లోకి పంపే సముద్రయాన్ వార్తలు మీ పత్రికలో వచ్చినప్పుడల్లా కత్తిరించి దాచుకుంటున్నాను. మత్స్య-6000 అనే చిన్న జలాంతర్గామిలో ముగ్గురు మనుషులు 6,000 మీటర్ల లోతుకు దిగడానికి సిద్ధమవుతున్నారంటే ఒళ్లు పులకరిస్తుంది. ఈ యాత్ర భాగంగా ఉన్న డీప్ ఓషన్ మిషన్‌కు 2021లో కేంద్రం ఐదేళ్లకు 4,077 కోట్ల రూపాయలు ఆమోదించింది. మరి ఆ లోతుల నుంచి వచ్చే నీళ్లను, మట్టిని చేత్తో పట్టాల్సిన పిల్లలకు పని ఎక్కడ నేర్పుతున్నాం?

నేను 26 ఏళ్లు పరిశోధన ఓడల మీద టెక్నీషియన్‌గా చేశాను. ఒకసారి బంగాళాఖాతంలో, 3,000 మీటర్ల లోతున్న చోట, అర్ధరాత్రి దాటాక సీటీడీ దించాం. నీటి ఉప్పదనం, వేడి, లోతు కొలిచే పరికరం అది. దాని చుట్టూ నీటి బాటిళ్లు ఉంటాయి. అవి మూతలు తెరుచుకుని దిగుతాయి, పైకి లాగేటప్పుడు కావలసిన లోతులో ఒక్కొక్కటీ మూస్తాం. నిమిషానికి 60 మీటర్ల లెక్కన దిగడానికే 50 నిమిషాలు. ఆ నీళ్ల మీద పీహెచ్‌డీ చేస్తున్న సూర్యాపేట అమ్మాయికి అదే మొదటి ఓడ ప్రయాణం. రెండు రోజులుగా వాంతులు, అయినా డెక్ వదల్లేదు.

బాటిల్ పైభాగంలో గాలి వెళ్లే రంధ్రానికి ఉన్న మర (స్క్రూ) బిగించి ఉంటే, కింది కుళాయి తిప్పినా బాటిల్లోంచి నీళ్లు రాకూడదు. ఆ రాత్రి ఐదు బాటిళ్లలోంచి ధారగా వచ్చాయి. దించే ముందు మరలు బిగించలేదు. దారిలో పైనీళ్లు కలిశాయో లేదో ఎవరూ చెప్పలేరు, ఇక నీటిలో కరిగిన ఆక్సిజన్ లెక్కకు అవి పనికిరావు. మళ్లీ దించడానికి టైమ్ లేదు, ఓడ తర్వాతి చోటుకి కదిలింది. ఆ పిల్ల బాటిల్ పట్టుకుని ఏడ్చింది. తప్పు ఆమెది కాదు. ఆ మర ఎందుకుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు, నేను కూడా.

ఆక్సిజన్ కొలవడానికి మామూలుగా అన్నిటికంటే ముందు బాటిల్లోంచి చిన్న సీసాలోకి నీళ్లు పట్టాలి. గొట్టం సీసా అడుగుకి ఆనించి, ఒక్క బుడగ లేకుండా, పొంగి పొర్లేదాకా పట్టాలి. పుస్తకంలో ఇది రెండు లైన్లు. నిద్ర లేకుండా, ఊగే డెక్ మీద చేతికి రావాలంటే ఎన్నిసార్లో చేయాలి.

హైదరాబాద్‌కు సముద్రం లేదు కానీ సముద్రం చదువు ఉంది. మా ఇంటికి దగ్గర్లోనే ప్రగతినగర్‌లో సముద్ర సమాచారం అందించే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ ఉంది. అక్కడి శిక్షణ కేంద్రానికి యునెస్కో గుర్తింపు ఉంది, విదేశాల వాళ్లూ వచ్చి నేర్చుకుంటారు. ఆ క్లాసులకు తోడు హుస్సేన్‌సాగర్‌లో ఒక పడవ, నాలుగు బాటిళ్లు, తాడు దించి లాగడానికి చేతితో తిప్పే వించ్ ఏర్పాటు చేయలేమా? పది మీటర్ల లోతు కూడా లేని చెరువులో తప్పు చేస్తే పోయేదేమీ లేదు. అక్కడ చేయి తిరిగాక, ప్రతి పరిశోధన యాత్రలో రెండు బెర్తులు కొత్తవాళ్లకే కేటాయించాలి. అదీ తమ సొంత నమూనాల టెన్షన్ లేకుండా, పక్కన నిలబడి పని నేర్చుకోవడానికి మాత్రమే. బెర్తులకు ఎంత పోటీ ఉంటుందో నాకు తెలుసు, తెలిసే అడుగుతున్నాను.

నేర్పేవాళ్లు లేరనుకోవద్దు. నాలాంటి రిటైరైన వాళ్లం ఈ ఊళ్లోనే ఉన్నాం. ముడులు వేయడం, వించ్ సైగలు, బాటిల్ బిగించడం నేర్పడానికి వారానికి రెండు రోజులు నేను వస్తాను. డబ్బేమీ అక్కర్లేదు.

- ఒక విశ్రాంత టెక్నీషియన్, నిజాంపేట, హైదరాబాద్