నువ్వు పంపిన లైలాక్ సీసా

విజయనగరం,
ఫాల్గుణ బహుళ పంచమి.

ప్రియమైన సూరికి,

అమెరికాలోని రోచెస్టర్ నుంచి నువ్వు పంపిన ఆన్ పాసాన్ అనే లైలాక్ పూల అత్తరు సీసా చేరి పది రోజులైంది. చేరిన రోజే రాసి ఉంటే ఉత్తరం నిండా పొగడ్తలే ఉండేవి కనుక, రోజూ పూసుకుని చూసి ఇప్పుడు రాస్తున్నాను.

ముందు మా అమ్మ తీర్పు విను. మొదటిరోజు మణికట్టుకు రాసుకుని వంటింట్లోకి అడుగు పెట్టానో లేదో, "ఏటిరా, పొద్దున్నే ఇల్లు ఫినాయిలెట్టి తుడిసినావా?" అంది. నవ్వాపుకోలేకపోయాను గాని, ఆవిడ ముక్కు పొరబడలేదు. గులాబీలా ఆవిరి పట్టి తైలం తీద్దామంటే లైలాక్ వాసన చేతికి చిక్కదు కాబట్టి, అత్తరు చేసేవారు దాన్ని విడివిడి పదార్థాలతో కూర్చుకోవాలి. ఆ కూర్పుకు వెన్నెముక టెర్పినియోల్. పైన్ చెట్ల టర్పెంటైన్ నుంచి తయారయ్యే ఆ పదార్థమే తెల్ల ఫినాయిల్లో కలిపే పైన్ నూనెలోనూ ఉంటుంది. దానికి హీలియోట్రోపిన్ బాదం తీపిని జతచేస్తే, మన మల్లెల్లోనూ ఉండే ఇండోల్ పిసరంత పడి పువ్వుకు ప్రాణం పోస్తుంది. ఇండోల్ కాస్త ఎక్కువైందా, ట్రంకుపెట్టెలో కలరా ఉండల వాసనే!

చాలామంది ఈ పసరునూ ఘాటునూ తీసేసి చక్కెర నింపుతారు. అందుకే లైలాక్ సబ్బుల్లో పువ్వు రంగు తప్ప పువ్వు కనిపించదు. 2000లో ఒలీవియా జాకొబెట్టి అనే పరిమళకర్త, ఫ్రెడెరిక్ మాల్ అత్తరు సంస్థ కోసం కూర్చిన ఈ పరిమళంలో మాత్రం తెల్ల లైలాక్ పక్కన దోసకాయ, గోధుమ ఉన్నాయి. పోయిన మే నెలలో మీ ఊరి హైలాండ్ పార్కులో, 1892లో 20 లైలాక్ రకాలతో మొదలై ఇప్పుడు 500 దాటిన ఆ తోటలో, వాన వెలిశాక నువ్వు ఒక గుత్తిని వంచి నా ముక్కుకు ఆనించావు గుర్తుందా? ముఖమంతా తడిసింది. అప్పుడు తీపి కంటే ముందు నాకు తగిలింది, చెక్కు తీసిన దోసకాయ చల్లదనమే.

ఇక్కడి ఎండకు మాత్రం ఇది ఆగదు. తెల్లవారుజామున పూసుకుంటే ఎనిమిదింటికే ఒంటిమీద మాయమవుతుంది. నూలు చేతిరుమాలుకు రాస్తే మధ్యాహ్నం దాకా నిలుస్తోంది. సంపెంగలా వీధి చివరి దాకా వినిపించే రకం కాదు, పక్కన కూర్చున్నవారికే తెలుస్తుంది, నాకు అదే నచ్చింది. మా పెరటి వెనుక తురకవేప కూడా ఊదారంగు గుత్తులు వేసింది. దాన్ని ఆంగ్లేయులు పర్షియన్ లైలాక్ అన్నారు గాని, అసలు లైలాక్‌తో దానికి చుట్టరికం లేదు. అయినా సాయంత్రం ఆ చెట్టు కింద రుమాలు తీస్తే, రెండు వాసనలూ ఒకదానితో ఒకటి తగవు పడవు.

నీకొక పని అప్పగిస్తున్నాను. మే నెలలో పార్కు పూయగానే ఒక పొడి రోజు చూసుకుని, ఈ పరిమళాన్ని కాగితం ముక్కకు రాసి గుత్తి పక్కన పెట్టి చూడు. ఆ దోసకాయ వాసన లైలాక్ పువ్వులో నిజంగా ఉందో, లేక ఆ రోజు వాన నన్ను మభ్యపెట్టిందో తప్పకుండా రాయి.

నీ
నారాయణ