కాడి కింద దూరిన రోమన్లు

సంపాదకులకు నమస్కారం.

పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న మా మనుమడి గైడులో ‘ఇటలీలో రోమన్లకు ఎదురే లేకపోయింది’ అన్న వాక్యం చూసి ఈ లేఖ రాస్తున్నాను. ఇటలీ నడుమనున్న అపెనైన్ కొండల్లోని సామ్నైట్లు అనే తెగలవారితోనే రోమ్ క్రీ.పూ. 343 నుంచి 290 వరకు, మధ్యలో సంధులు చేసుకుంటూ, మూడు యుద్ధాలు చేయవలసి వచ్చింది.

క్రీ.పూ. 321లో కాడియం పట్టణం దగ్గరి ఇరుకు కనుమలో ఇద్దరు కాన్సళ్లతో (రోమ్ అత్యున్నత పాలకులు, సేనానులు) సహా రోమన్ సైన్యమంతా చిక్కుకుంది. ముందు దారి చెట్లతో, బండలతో మూసి ఉండటం చూసి వెనుదిరిగేసరికి, సామ్నైట్ సేనాని గేయస్ పాంటియస్ మనుషులు వెనుక దారినీ బంధించారు. లొంగిపోయిన తరువాత రెండు ఈటెలు నిలువుగా పాతి, మూడోదాన్ని వాటిపై అడ్డంగా కట్టి, ఆయుధాలు లాగేసుకుని, ఒంటిమీద ఒక్క వస్త్రం మాత్రమే మిగిల్చిన సైనికులను, కాన్సళ్లతో మొదలుపెట్టి, ఆ కాడి కింద వంగి నడిపించారు. పాంటియస్ ముసలి తండ్రి మాత్రం వీళ్లందరినీ గౌరవంగా వదిలెయ్, లేదా అందరినీ చంపెయ్, మధ్యేమార్గం వద్దు అన్నాడట, కొడుకు వినలేదు. ఇదంతా రాసిపెట్టింది రోమన్ చరిత్రకారులే కావడం విశేషం.

క్రీ.పూ. 295లో మధ్య ఇటలీలోని సెంటినం దగ్గర సామ్నైట్లు, ఉత్తరాది గాల్ తెగలవారు కలిసి వచ్చినప్పుడు రోమన్లు గెలిచారు గాని, కాన్సల్ డెసియస్ మస్‌ను కోల్పోయారు. మీ విద్యా పేజీలో ఈ యుద్ధాలపై ఒక వ్యాసం వేయించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్